నాలుగో నంబరు చెవి

బెర్లిన్, ఏప్రిల్ 23

ప్రియమైన నాన్నా,

మనింట్లో నన్ను తప్పుగా అర్థం చేసుకోవడం కొత్తేం కాదు. స్కూల్లో ఫిజిక్స్ తీసుకుంటే యోర్గ్ అన్నయ్యకి పోటీగా తీసుకున్నానన్నారు. బెర్లిన్ వచ్చేస్తే మన యాసంటే సిగ్గుపడి పారిపోయానన్నారు. అవన్నీ దులిపేసుకున్నాను. ఈస్టర్ ఆదివారం కాఫీ బల్ల దగ్గర ఇర్మా అత్త అన్న మాట మాత్రం ఎంత దులిపినా పోవడం లేదు.

"మా అన్నయ్య నలభై ఏళ్ళు చెవితో చేసిన పనిని ఈ పిల్ల నాలుగు మీటలు నొక్కి ఊడ్చేస్తోంది. కేకు మాత్రం రెండో ముక్క అడుగుతోంది" అంది.

"ఊరుకో అత్తా, ఫ్యాక్టరీ మూసేసే రోజు తాళం దాని చేతే వేయిద్దాం" అన్నాడు అన్నయ్య. అందరూ నవ్వారు. వాళ్ళు నవ్వితే నాకేం కాలేదు. జడలా అల్లిన ఈస్టర్ రొట్టె కోస్తున్నవాడివి కత్తి ఆపి, తలెత్తి, వాళ్ళ మొహాలు చూసి నువ్వు కూడా నవ్వావు. అదీ నా బాధ.

ఈ పని నాకెవరూ అంటగట్టలేదు నాన్నా. మీ ఫ్యాక్టరీ గేర్‌బాక్సుల చప్పుడు విని మంచీ చెడూ చెప్పే ప్రోగ్రాం రాసే పని మా కంపెనీకి వచ్చినప్పుడు, మా గదిలో ఒక్కరూ చెయ్యి ఎత్తలేదు. అందరికీ తనంతట తాను నడిచే కారు కావాలి, దాని ముందుండే తెర కావాలి. ఇవాళ కారంటే ఇనుము తక్కువ, ప్రోగ్రాం ఎక్కువ. తలుపు మూసినప్పుడు వచ్చే చప్పుడు కూడా ఎవరో కూర్చుని ఎంచి పెడుతున్నారు. అంత పెద్ద యంత్రంలో ఎక్కడో ఒక మూల నీ చెవి మిగలాలనుకున్నాను. నేను చెయ్యి ఎత్తింది అందుకు.

కుటుంబాల్ని లోపలికి రానిచ్చే రోజున గేర్‌బాక్సులు తిప్పి చప్పుడు పరీక్షించే మీ వినే గదికి నన్ను తీసుకెళ్ళావు, గుర్తుందా? నాకు తొమ్మిదేళ్ళు. తిరుగుతున్న గేర్‌బాక్సు మీద నా అరచెయ్యి పెట్టి, దాని మీద నీది పెట్టి, "ఇది ఆరోగ్యంగా ఉంది" అన్నావు. డాక్టరు కూడా అంత నమ్మకంగా చెప్పడు. అలాంటి మనిషి పనిని నేను ఊడ్చేస్తానా?

ఇదంతా ఫోన్లో అడుగుదామంటే నువ్వు ఎత్తవు. అమ్మ పోయాక అసలే ఎత్తవు. ఉత్తరమైతే నాలుగుసార్లు చదువుకోవచ్చంటావు. సరే, ఇది నాలుగుసార్లు చదువు.

కోపంగా ఉన్నా నీ దాన్నే,
టబేయా

*

రెమ్స్ ఒడ్డు, ఏప్రిల్ 30

టబేయా తల్లీ,

నాలుగుసార్లు చదివాను. ఇర్మా ఆ మాట అన్నట్టు నాకు తెలియదు. నిన్న వాళ్ళింటికి వెళ్ళి అడిగాను. "అన్నాను, అయితే ఏంటి, మళ్ళీ అంటాను" అంది. దానితో మాట్లాడటం మానేశాను. బుధవారం దాకా మానేస్తాను. బుధవారం మా రెండిళ్ళ ఉమ్మడి మెట్లు ఊడ్చే వంతు ఇద్దరిదీ, మాట్లాడక తప్పదు.

నాకు మాటలు సరిగ్గా రావు, నీకు తెలుసు.

ఇక్కడి సంగతులు. వినే గదిలో ఇప్పటికీ ఆరుగురమే. ఒట్మార్ మోకాలు నొప్పంటున్నాడు, అయినా చెవి మాత్రం కుక్క చెవి. మొన్న కార్మికుల కమిటీ వాళ్ళు యాజమాన్యంతో ఒప్పందం రాయించుకున్నారు. నీ ప్రోగ్రాం అన్ని లైన్లకీ వచ్చినా సరే, దాన్ని మధ్యమధ్య మనిషి చెవి తనిఖీ చెయ్యాలి, మా ఆరుగురినీ రిటైరయ్యేదాకా కదపకూడదు. ఒట్మార్ దాన్ని మడిచి పర్సులో పెట్టుకు తిరుగుతున్నాడు, పెళ్ళాం ఫోటో పక్కన. "మీ అమ్మాయి యంత్రానికి మనం మేనమామలం" అంటున్నాడు.

అక్టోబరు పన్నెండుకి నేను ఫ్యాక్టరీలో చేరి నలభై ఏళ్ళు నిండుతాయి. ఏదో చేస్తారట. రా.

మీ అమ్మ సమాధి మీద బెగోనియాలు వేశాను.

నాన్న

*

బెర్లిన్, మే 21

ప్రియమైన నాన్నా,

నీకూ అత్తకూ మధ్య జడ రొట్టె పళ్ళెం ఒక్కటే ఉంది. అయినా అత్త మాట తెలియదంటున్నావు. సరే, తెలియదనే అనుకుంటాను. నువ్వు అబద్ధం ఆడటం ఇదే మొదటిసారి కాబట్టి మర్యాదగా వదిలేస్తున్నాను.

కోపం పక్కన పెట్టి ఒకటి చెప్పాలి. చెప్పకూడదు నిజానికి. కానీ ఎన్నాళ్ళు దాచను?

ప్రోగ్రాంకి నేర్పడానికి మీరు రెండేళ్ళు బాక్సులు విని రాసిన తీర్పులన్నీ నా దగ్గరే ఉన్నాయి. కమిటీ షరతు ప్రకారం పేర్లు లేవు, ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లే. ఎవరు ఎవరన్నది కనుక్కోవడానికి ప్రయత్నించకూడదని నా చేత సంతకం కూడా పెట్టించారు. నేను ప్రయత్నించలేదు. నాలుగో నంబరు తనంతట తనే దొరికిపోయాడు.

మిగతావాళ్ళు తీర్పు కింద "గరగర", "గోల", "బాగుంది" అని రాస్తే, నాలుగో నంబరు ఏం రాశాడో తెలుసా? "పాలు పొంగే ముందు గిన్నె అనే మాట." "కొత్త బూట్లతో చర్చిలో నడిచినట్టు." "ఇర్మా కాఫీ మర." ఆఫీసులో కూర్చుని గట్టిగా నవ్వాను. మా పైఅధికారి మెరల్ వచ్చి "ఏమైంది, గేర్‌బాక్సు జోకేసిందా?" అని అడిగింది.

అందుకని ఒక పని చేశాను. ఒక్కో బాక్సుని మీలో ఇద్దరేసి విన్నారు కదా. ఇద్దరూ ఒకటే అంటే గొడవ లేదు. తేడా వచ్చినచోట, ఆ ఇద్దరిలో ఒకరు నాలుగో నంబరైతే, నాలుగో నంబరు మాటే చెల్లేలా రాశాను. "ఎందుకు?" అంది మెరల్. "ఆరుగురిలో అతనే నిలకడగా ఉన్నాడు, లెక్క చూడు" అన్నాను. చూసింది, ఒప్పుకుంది. జనవరి నుంచి కరెంటు కార్ల లైనులో ఆ ప్రోగ్రామే వింటోంది. సెప్టెంబరులో మిగతా రెండు లైన్లకీ వస్తుంది.

నీ చెవిని ఊడ్చేశానని అత్త అంటోంది. నేను దాన్ని యంత్రానికి పెట్టాను నాన్నా. నువ్వు రిటైరయ్యాక కూడా అది వింటూనే ఉంటుంది. ఇప్పుడు చెప్పు, నవ్వుతావా?

నీ
టబేయా

*

రెమ్స్ ఒడ్డు, జూన్ 3

టబేయా తల్లీ,

నీ ఉత్తరం అందింది. నువ్వు చేసింది ప్రేమతో చేశావు. ఆ సంగతి నాకు తెలిసింది.

అది తీసెయ్యి. నాలుగో నంబరు మాటకి ఎక్కువ విలువ ఇవ్వకు. అందరితో సమానంగా కూడా వద్దు. వీలైతే కొంచెం తక్కువ ఇవ్వు. ముఖ్యంగా కరెంటు కార్ల బాక్సుల దగ్గర ఒట్మార్ వాళ్ళ మాట తీసుకో. వాళ్ళు చిన్నవాళ్ళు.

ఆలస్యమైపోయిందా? అలా అయితే రాయి.

ఇక్కడ వానలు. నేరేడు రంగు తిరగాల్సిన చెర్రీలు చెట్టుమీదే పగిలిపోతున్నాయి.

నాన్న

*

బెర్లిన్, జులై 12

ప్రియమైన నాన్నా,

నీ జూన్ ఉత్తరం చదివి అప్పుడు నేను మురిసిపోయాను. మా నాన్నకి ఎంత వినయమో అనుకున్నాను. ఏమీ తీసెయ్యలేదు. అది నా పొరపాటు, ముందు అది ఒప్పుకుని తర్వాత మిగతాది రాస్తాను.

రెండు బాక్సులు వెనక్కి వచ్చాయి. మొదటిది ఒక టాక్సీది, రాంపు మీద ఆగిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. రెండోది పోయిన గురువారం ఉల్మ్ వైపు హైవే మీద. నూట పది వేగంలో చక్రాలు బిగుసుకుపోయాయి. కారు మూడుసార్లు తిరిగి పక్క కంచెకి ఆనుకుని ఆగింది. నడుపుతున్నామెకి మణికట్టు విరిగింది. వెనక సీట్లో రెండేళ్ళ పాప ఉంది. పాపకి ఏమీ కాలేదు. వెనక లారీ లేదు కాబట్టి కాలేదు.

రెండింటిలోనూ బేరింగు రింగులో వెంట్రుకంత పగులు. ఆ పగులున్న బాక్సు తిరిగేటప్పుడు సన్నని ఈల వేస్తుంది. ఫ్యాక్టరీలో తీసిన రికార్డింగు తెప్పించుకుని నేనే విన్నాను. ఇయర్‌ఫోన్ పెట్టుకోగానే పళ్ళు జివ్వుమన్నాయి. అంత స్పష్టంగా ఉంది. నా ప్రోగ్రాం దాన్ని "బాగుంది" అంది.

ఎందుకన్నదో వెతికాను. మీరు నేర్పిన రెండేళ్ళ తీర్పుల్లో నాలుగో నంబరు విన్నవాటిలో అలా ఈల వేసిన బాక్సులు రెండువందల పంతొమ్మిది. నాలుగో నంబరుతో పాటు విన్న రెండో మనిషి, అది ఎవరైనా సరే, దాదాపు అన్నిటినీ "చెడు" అన్నాడు. నాలుగో నంబరు రెండువందల పదకొండింటిని "బాగుంది" అన్నాడు. వాటి కింద పాల గిన్నె లేదు, కాఫీ మర లేదు. ఖాళీ.

తేడా వచ్చిన ప్రతిచోటా నేను నాలుగో నంబరు మాటే నిలబెట్టాను. యంత్రం చక్కగా నేర్చుకుంది. ఒక హద్దు దాటి సన్నబడిన ఈల ఏదైనా అది ఇక వినదు.

మెరల్‌కి ఇంకా చెప్పలేదు. నాలుగో నంబరుకి ఎంత సన్నని చప్పుడు దాకా వినిపిస్తుందో గీత గీసి చూస్తున్నప్పుడు నాకు ఈల గుర్తు రాలేదు నాన్నా. ఈస్టర్ కాఫీ గుర్తొచ్చింది. నువ్వు అత్త వైపు చూడలేదు. అందరి మొహాలూ చూసి, అందరూ నవ్వుతున్నారు కాబట్టి నవ్వావు.

ఎప్పటి నుంచి?

టబేయా

*

రెమ్స్ ఒడ్డు, జులై 19

టబేయా తల్లీ,

పదకొండేళ్ళ నుంచి.

మొదట పిట్టలు పోయాయి. మీ అమ్మతో కొండ మీదికి నడిచేవాణ్ణి కదా, ఒకరోజు "ఈ ఏడు పిట్టలు తక్కువే" అన్నాను. తను ఆగి నా మొహం చూసింది. ఆ రోజు నుంచి తనకి తెలుసు. బల్ల దగ్గర ఎవరైనా నాతో మాట్లాడితే కింద నుంచి నా మోకాలు తట్టేది. ఒకసారి తడితే కుడివైపు, రెండుసార్లు తడితే ఎడమవైపు. ఎనిమిదేళ్ళు అలా గడిచింది. మీకెవరికీ తెలియలేదు. ఫోన్ తనే ఎత్తేది. ఇప్పుడు ఎవరు తడతారు? అందుకే అందరూ నవ్వినప్పుడు నవ్వుతాను.

ఏటా ఫ్యాక్టరీ డాక్టరమ్మ దగ్గర చెవి పరీక్ష ఉంటుంది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపిస్తే మీట నొక్కమంటారు. చప్పుడు పంపేటప్పుడు నర్సు భుజం కొంచెం లేస్తుంది. నేను భుజం చూసి నొక్కేవాణ్ణి. ఏటా "ఇరవై ఏళ్ళ కుర్రాడి చెవి" అని రాసిచ్చేది. సిగ్గు లేకుండా ఆ కాగితం ఇంటికి తెచ్చి మీ అమ్మకి చూపిస్తే, తను మడిచి బీరువాలో పెట్టేది.

మోసం చెయ్యాలనుకోలేదు. పాత బాక్సులు అరచేతితో మాట్లాడేవి. చెయ్యి పెడితే చాలు, ఏ పన్ను అరిగిందో చెప్పేవాణ్ణి. నేను రాసిన పాల గిన్నె, కొత్త బూట్లు చెవి చెప్పినవి కావు, చెయ్యి చెప్పినవి. నలభై ఏళ్ళలో చెయ్యి ఒక్కసారి తప్పలేదు. తర్వాత ఈ కరెంటు కార్లవి వచ్చాయి. అవి చేతితో మాట్లాడవు. చెయ్యి పెడితే నిద్రపోతున్న పిల్లిలా ఉంటాయి. ఒట్మార్ ఒక్కోదానికి మొహం చిట్లించి "చెడు" అని కొట్టేస్తుంటే, వీడికి అనుమానం ఎక్కువ అనుకున్నాను. అనుకోవడం కాదులే. నాకు వినిపించనిది అక్కడ లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆమె మణికట్టు ఎలా ఉంది? తెలిస్తే రాయి.

ఒకటి అడుగుతాను. ప్రోగ్రాం సరిచెయ్యి, ఇవాళే. నాలుగో నంబరు తీర్పులన్నీ పీకి పారెయ్యి. కానీ కారణం రాసేటప్పుడు మైక్రోఫోను పాడైందని రాయి. యంత్రాలు పాడవుతాయి, ఎవరూ ఏమీ అనుకోరు. నా కోసం కాదు తల్లీ. మా ఒప్పందం మొత్తం ఒకే మాట మీద నిలబడింది. యంత్రాన్ని మనిషి చెవి తనిఖీ చేస్తుందని. ఆ మనిషి చెవే తప్పిందని ఒక కాగితం మీద పడితే, యాజమాన్యం మర్నాడే ఒప్పందం చింపేస్తుంది. ఒట్మార్‌కి యాభై ఆరు. ఆ మోకాలితో వాణ్ణి ఇంకెవరు తీసుకుంటారు?

నాన్న

*

బెర్లిన్, జులై 24

ప్రియమైన నాన్నా,

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడే చదివాను. పై అంతస్తు ఆవిడ వచ్చి "ఎవరైనా పోయారా?" అని అడిగింది. లేదన్నాను.

అమ్మ నీ మోకాలు తడుతుంటే నేను ఆ బల్ల దగ్గరే ఉన్నాను, నీకెదురుగా. అన్నీ గమనిస్తానని నాకు పేరు. ఏమీ చూడలేదు.

ప్రోగ్రాం సంగతి మెరల్‌కి చెప్పాను. ఆ లైనులో దాన్ని ఆపేశారు. కొత్తదానికి ఆరు వారాలు పడుతుంది. కారణం ఇంకా రాసివ్వలేదు, వెతుకుతున్నానని చెప్పాను. అది అబద్ధం.

మైక్రోఫోను అని రాయలేను. ఎందుకో విను. మైక్రోఫోను అని రాస్తే, జనవరి నుంచి ప్రోగ్రాం విన్న బాక్సుల్ని మాత్రమే వెనక్కి పిలుస్తారు. కానీ అంతకు ముందు నాలుగేళ్ళు ఆ లైనులో నువ్వొక్కడివే నీ చేతితో విని ముద్ర కొట్టి పంపినవి ఉన్నాయి. అవి కూడా రోడ్ల మీదే తిరుగుతున్నాయి. వాటిలో ఎన్ని ఈల వేస్తున్నాయో ఎవరికీ తెలియదు. వాటిని వెతకాలంటే నీ ముద్ర ఉన్న బాక్సులన్నీ తీయాలి. ఫ్యాక్టరీ రికార్డులో ముద్రల పక్కన పేర్లున్నాయి. నా దగ్గర నంబర్లే ఉన్నాయి. ఆ నాలుగో నంబరు నువ్వేనని ఎవరో ఒకరు నోరు విప్పితే తప్ప, ఈ రెండూ కలవవు. తెలిసింది మనిద్దరికే.

నువ్వే వెళ్ళి చెప్పు. నువ్వు చెబితే అది ఒక మనిషి ఒప్పుకోలు అవుతుంది. నేను చెబితే ఫిర్యాదు అవుతుంది.

శుక్రవారం వస్తున్నాను. నీకెదురుగా కూర్చుని మాట్లాడతాను, నెమ్మదిగా.

ఆమె మణికట్టుకి ఆపరేషన్ అయింది. ఆమె పియానో నేర్పే టీచరట.

టబేయా

*

రెమ్స్ ఒడ్డు, ఆగస్టు 11

టబేయా తల్లీ,

నువ్వు వచ్చి వెళ్ళాక ఇల్లు ఇంకా పెద్దదైంది. రెండు రోజులూ నా మొహం చూస్తూ మాట్లాడావు. మీ అమ్మ తర్వాత నాతో అలా మాట్లాడింది నువ్వే. చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావు. ఆవిడ గీసిన గీత కూడా నువ్వు గీసిన దానిలాగే కుడివైపుకి వచ్చి కింద పడిపోయింది. చెవి మిషన్ వచ్చే నెల ఇస్తారట.

నీకిచ్చిన మాట ప్రకారం మొన్న సోమవారం వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని, మేనేజరు గది తలుపు కొట్టాను. ఆయన లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఐసెలె గారూ, మిమ్మల్నే పిలుద్దామనుకుంటున్నా" అని బల్ల మీద ఒక బొమ్మ పరిచాడు. అక్టోబరు పన్నెండున వినే గదికి నా పేరు పెడతారట. ఇత్తడి పలక. బాక్సుకి ఆనించి వినడానికి నేను వాడిన కడ్డీని గాజు పెట్టెలో పెడతారట. "అక్షరాలు ఈ సైజు బాగుంటాయా, ఇంకా పెద్దవా?" అని అడిగాడు.

నేను ఏమన్నానో తెలుసా? ఇది చాలు అన్నాను.

కాగితం జేబులోనే ఉండిపోయింది. బయటికి వస్తుంటే ఒట్మార్ ఎదురొచ్చి "ఏంట్రా, పెళ్ళికొడుకులా ఉన్నావు" అన్నాడు. వాడి పెదవులు చూసి తెలుసుకున్నాను. వాడికీ చెప్పలేకపోయాను. వాడు ఆ ఒప్పందం కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించాడు.

అక్టోబరు దాకా ఆగు. రెండు నెలలే. పదమూడో తారీఖు పొద్దున్నే వెళ్ళి చెబుతాను. మీ అమ్మ మీద ఒట్టు. ఆ ఒక్క రోజు నాకు కావాలి. ఇన్నాళ్ళూ దాక్కుని బతికినవాడికి ఒక రోజు అందరి ముందూ నిలబడాలని ఉంటుంది. అది తప్పే. తప్పని తెలిసే అడుగుతున్నాను.

రేగుపళ్ళంత ఉన్న ప్లమ్ములు ఈసారి బాగా కాశాయి. ఇర్మా కేకు చేసి నీకు పార్సెలు పంపుతానంటోంది. దానికి నీ మీద కోపం లేదు, అది మాట్లాడే తీరే అంత.

నాన్న

*

బెర్లిన్, ఆగస్టు 20

ప్రియమైన నాన్నా,

నీ ఉత్తరం వారం రోజులుగా నా సంచిలో తిరుగుతోంది. ప్రతిరోజూ ఆఫీసుకి వెళ్ళి, ఇవాళ కాదు రేపు అనుకుని తిరిగొచ్చాను. ఏడు రోజులు ఆగానంటే నువ్వడిగిన రెండు నెలలు నాకెంత సులువుగా గడిచిపోతాయో తెలిసింది. భయమేసింది. నువ్వు మేనేజరు గదిలో అన్న "చాలు" నాకు అందుకే అర్థమైంది. ఆ చోట నేనున్నా అదే అనేదాన్ని.

ఆ ఒక్క రోజు నీకు ఇవ్వాలని నాకు ఎంత ఉందో నువ్వు నమ్మవు. నల్ల కోటులో నిన్ను ఊహించుకున్నాను. పలక మీది గుడ్డ తీస్తుంటే అత్త ముక్కు చీదుకోవడం కూడా ఊహించుకున్నాను. ఆ పక్కనే, హైవే మీద నీ ముద్ర ఉన్న ఒక కారు వెళ్తూ ఉంటుంది. దాని వెనక ఈసారి లారీ ఉంటే? అక్టోబరు పన్నెండుకి ఎన్ని రోజులున్నాయో ఆ బేరింగుకి తెలియదు.

రిపోర్టులో ఏం రాశానో నీకు వేరేవాళ్ళు చెప్పే ముందు నేను చెప్పాలి.

మొదటి పేజీలో నా సంగతి రాశాను. నాలుగో నంబరు ఎవరో నాకు మాటల్ని బట్టి తెలిసిపోయిందని, తెలిసీ పైవాళ్ళకి చెప్పలేదని, అతను మా నాన్న కాబట్టి అతని మాటకి ఎక్కువ విలువ ఇచ్చానని, నిలకడ అన్న లెక్క తర్వాత వెతుక్కున్న సాకని. జూన్‌లో తీసెయ్యమని నువ్వు రాసినా తీసెయ్యలేదని కూడా రాశాను. మెరల్ చదివింది. "ఇది పంపితే నువ్వు ఇక్కడ ఉండవు, తెలుసుగా?" అంది. తెలుసన్నాను. "మీ నాన్నతో మాట్లాడావా?" అంది. మాట్లాడానన్నాను. "ఏమన్నారు?" అంది. ఆగమన్నారని చెప్పాను. ఆమె కాగితాలు నాకిచ్చేసి లేచింది. నా కప్పు కూడా తనే కడిగి పెట్టింది.

రెండో పేజీలో నీ సంగతి. పూర్తి పేరు, ముద్ర నంబరు, పదకొండేళ్ళు, అద్దాల గది, నర్సు భుజం. అమ్మ మోకాలు తట్టిన సంగతి రాయలేదు. అది వాళ్ళకి అక్కర్లేదు.

మూడో పేజీలో ఒట్మార్ వాళ్ళ గురించి. ఈల వేసిన బాక్సుల్ని ఆ ఐదుగురూ సరిగ్గా విన్నారు. దాదాపు ప్రతిసారీ. వాళ్ళ తీర్పుల్ని కొట్టేసింది నేను, నా ప్రోగ్రాం. మనిషి చెవి తప్పిందని యాజమాన్యం అంటే, ఐదుగురు మనుషుల చెవులు కరెక్టుగా ఉన్నాయని ఆ పట్టికే చెబుతుంది. అయినా ఒప్పందం చింపేస్తారేమో. చింపెయ్యొచ్చు. అలా జరగదని నీకు మాట ఇవ్వలేను. ఒట్మార్ నా మొహం చూడకపోతే అతని తప్పు కాదు.

నీ పేరుతో ఆ పలక ఇక పెట్టరు. నువ్వు నాతో మాట్లాడటం మానేస్తే, అత్తతో మానేసినట్టు బుధవారం దాకా కాదని నాకు తెలుసు. ఇంట్లో మళ్ళీ ఏదో ఒకటి అంటారు. ఈసారి వాళ్ళు అనేదాంట్లో సగం నిజం ఉంటుంది, సొంత నాన్ననే పట్టిచ్చానని. పట్టిచ్చాను.

రిపోర్టు ఇవాళ ఉదయం తొమ్మిది గంటల పదిహేను నిమిషాలకి మీ ఫ్యాక్టరీకీ, కార్లు తయారు చేసేవాళ్ళకీ, రోడ్డు భద్రత ఆఫీసుకీ పంపాను. వెనక్కి తీసుకోను.

టబేయా